కంకణం కట్టుకోకముందు

దేవుడి పెళ్లిపీట మీద పరిచే పట్టుబట్టకు ఇస్త్రీ చేస్తుంటే ఫోను మోగింది. మా బావగారు పొరుగూళ్లో మంచాన పడి ఉన్నారు. చేసింది ఆయన కొడుకు.

"పిన్నీ, నాన్న పోయారు. బాబాయి వచ్చేదాకా ఎక్కడికీ తీసుకెళ్లం. ఆఖరిచూపు చూడాలి కదా."

మా ఆయనకు తండ్రి గుర్తే లేడు. ఎత్తుకు తిప్పిందీ, చెవి మెలిపెట్టి మంత్రాలు నేర్పిందీ ఆ అన్నగారే. మా ఆయనేమో ఇప్పుడు మా ఇంటి పైన, మేడ మీద గుడిలో దేవుడి పెళ్లి చేయించబోతున్నారు. ఈ చుట్టుపక్కల వేరే పూజారి లేడు. కంకణం కట్టుకోకముందు చావుకబురు చెవిన పడితే మైల, పెళ్లి ఆగిపోతుంది. కట్టుకున్నాక వింటే మైల అంటదు గానీ, ఉత్సవాలు ముగిసి కంకణం విప్పేదాకా ఊరు దాటకూడదు. ఈ నియమం పెట్టిన మహానుభావుడికి అన్నదమ్ములు ఉండి ఉండరు.

పరుగున మెట్లెక్కాను. కబురు విన్నదాన్ని, నాకూ మైలే. గడప దాటకుండా చెప్పుల మధ్య నిలబడ్డాను. లోపల కాలు పెట్టే సందు లేదు. ముందు వరసలో బట్టలు కుట్టే ముసలావిడ అమ్మవారికి తను కుట్టిన రవికె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చూపు ఆనకపోయినా కుట్టింది పిచ్చితల్లి. పెళ్లి లేదు, ఇంటికి పొమ్మని ఆవిడకు ఎవరు చెబుతారు?

గుడి కమిటీ పెద్దాయన్ని సైగచేసి పిలిచి సంగతి చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

"అయ్యయ్యో! అమ్మా, నీకు పుణ్యముంటుంది, ఆ కంకణం కట్టుకోనీ."

"మరి ఆయన అన్నగారో?"

"ఏం చెప్పమంటావమ్మా..." అంటూ ఆయనే కళ్లు తుడుచుకున్నాడు. కడుపారా తిట్టుకుందామంటే ఒక్క దుర్మార్గుడైనా దొరకలేదు నాకు.

ఏటా పీట పక్కన కూర్చుని అన్నీ అందించేది నేనే. మా ఆయన అలవాటుగా చెయ్యి చాపి, నేను లేకపోయేసరికి గుమ్మం వైపు చూశారు. రమ్మని తల ఊపారు. నేను గడప ఇవతలే నిలబడ్డాను. ఆయన చూపు నా ముఖం మీంచి గడప మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. మంత్రం కూడా ఆగింది. జనం తలలు తిప్పి చూశారు. ఆయన గొంతు సవరించుకుని, పళ్లెంలోని కంకణం తీసి తన మణికట్టుకు కట్టుకున్నారు.

మేళం మోగింది. పెళ్లి జరిగింది. అమ్మవారి ఒంటిమీద తన రవికె చూసి ముసలావిడ వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, ఎవరికోసమో నాకే తెలియలేదు.

అక్షింతల పళ్లెం పట్టుకుని ఆయన గడప దాకా వచ్చారు. అవతలే ఆగారు.

"అన్నయ్యేనా?"

తలూపాను.

"నాకోసం ఆగారా?"

"ఆగారు. ఆఖరిచూపు కోసం."

పళ్లెంలోంచి అక్షింతలు నేలమీద రాలాయి. లోపల్నుంచి ఎవరో, "స్వామీ, హారతి!" అని కేకేశారు.

"వస్తున్నా," అన్నారు వాళ్లతో. నా వైపు తిరిగారు గానీ నా ముఖం చూడలేదు.

"ఆగొద్దని చెప్పు."