తేలికవైపు గీత

గడ్డి కోసే మిషన్ బ్లేడుకు పదును పెట్టడం ఎవరైనా చేస్తారు. సానరాయి, కరెంటు ఉంటే చాలు. దాన్ని సమం చెయ్యడం మాత్రం అందరి వల్లా కాదు. నేను చేస్తాను, బాగా చేస్తాను. కోతలు కొయ్యడానికి ఈ మాట చెప్పడం లేదు. మా షాపులో కోతలు బ్లేడ్లే కోస్తాయి.

బ్లేడంటే మూరెడు ఇనప పట్టీ. మధ్యలో బెజ్జం, అటొక రెక్క, ఇటొక రెక్క. ఒక రెక్క ఆవగింజంత బరువెక్కువున్నా సరే, తిరిగేటప్పుడు మిషన్ మొత్తం వణుకుతుంది. తోసేవాడికి సాయంత్రానికి మోచేతుల దాకా తిమ్మిరెక్కుతుంది, నాలుగు నెలలు తిరిగేసరికి బేరింగు పోతుంది. వాడు వచ్చి మిషన్ మంచిది కాదని తిడతాడు. మిషన్‌దేం తప్పు? సమం చూడకుండా పదును పెట్టిచ్చినవాణ్ణి తిట్టాలి.

మా షాపు మా ఇంటి ముందుగదే. మామగారు పెట్టారు. ఆయన పోయాక ఇరవై ఆరేళ్ళుగా మా అత్తగారు నడుపుతోంది. ఆవిడ పద్ధతి చూడటానికి చాలా తేలిక. గోడకు గుండెల ఎత్తున ఒక మేకు ఉంటుంది. పదును పెట్టిన బ్లేడును బెజ్జంలోంచి ఆ మేకుకు తగిలిస్తారు. బరువున్న రెక్క కిందికి వాలుతుంది. దానిమీద సుద్దముక్కతో గీత పెట్టి, ఆ రెక్క చివర సానరాయికి ఆనిస్తారు. మళ్ళీ తగిలిస్తారు. రెండు రెక్కలూ అడ్డంగా, కదలకుండా నిలబడితే పని అయిపోయినట్టు. మిగతావాళ్ళు పదిసార్లు తగిలించి పదిసార్లు రుద్దుతారు. మా అత్తగారికి రెండు రుద్దులు చాలు. "చేతికి లెక్క తెలియాలి" అనేది ఆవిడ మాట. రోజుకు మూడుసార్లయినా నాతో అంటుంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్ళు. మా నాన్న ఫ్యాన్లు, మోటార్లు బాగుచేసేవాడు కాబట్టి పానా పట్టుకోవడం నాకు కొత్త కాదు. నెల తిరక్కుండానే బల్ల దగ్గర చోటిచ్చింది అత్తగారు. చోటంటే ఏ చోటు? గుమ్మంవైపు. వచ్చేపోయేవాళ్ళ నీడలన్నీ నా పనిమీదే పడతాయి. కిటికీవైపు వెలుతురు, ఇనుము బిగించే పెద్ద వైస్, మంచి సానరాయి ఆవిడవి. క్లబ్బుల మిషన్లు, మైదానాల మిషన్లు ఆవిడకు, పెరట్లో రాళ్ళు కొట్టుకుని మూతి వంకరపోయిన బ్లేడ్లు నాకు. ఆ కిటికీవైపు చోటుమీద నాకు ఆరేళ్ళుగా కన్నుంది. దాపరికం దేనికి?

మాటల దగ్గర ఇద్దరం ఇద్దరమే. అత్త మీద కోపం దుత్త మీద చూపించే రకం కాదు నేను, నేరుగా అత్త మీదే చూపిస్తాను. ఆవిడా వడ్డీతో సహా తిరిగిస్తుంది. మా ఆయన బస్సు నడుపుతాడు. ఇంట్లో కంటే రోడ్డుమీదే ప్రశాంతంగా ఉందని అందరితో చెబుతుంటాడు. బ్లేడు దగ్గర మాత్రం మాకు ఒక్కటే కట్టుబాటు. ఎవరి బ్లేడు వాళ్ళు మొదటినుంచి చివరిదాకా చెయ్యాలి, మధ్యలో రెండో మనిషి చెయ్యి పడకూడదు. ఆ కట్టుబాటు తప్పింది నేనే.

ఆ రోజు పొద్దున మైదానం మేస్త్రి తన పెద్ద మిషన్ బ్లేడ్లు మూడు పట్టుకొచ్చాడు. మర్నాడు సాయంత్రానికల్లా మైదానం కోత పూర్తవ్వాలట, ఎల్లుండి పోటీలట. అత్తగారికి పన్ను పీకించుకునే పని ఉంది. అందుకని రెండు బ్లేడ్లు నాకిచ్చింది. మైదానం బ్లేడ్లు నా చేతికి రావడం అదే మొదలు. మూడోదానికి తను పదును పెట్టి, టైమైపోతోందని అలాగే వదిలేసి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

నా రెండూ మధ్యాహ్నానికి అయిపోయాయి. మేకుమీద బొమ్మల్లా నిలబడ్డాయి. ఆ ఊపులో మూడోదాన్నీ తీసి తగిలించాను. గీత పెట్టాను. ఇంతలో స్టార్టు చేసే తాడు తెగిన మిషనొకటి వీధిలోకి వచ్చింది. బ్లేడును బల్లమీద పెట్టి బయటికి వెళ్ళాను.

అత్తగారు ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. మందు ప్రభావానికి సగం మూతి మొద్దుబారి మాట రాని స్థితిలో ఉంది. అయినా పని ఆగదు కదా, నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళింది. నేను లోపలికి వచ్చేసరికి మేకు ముందు నిలబడి ఉంది. బ్లేడు ఒక రెక్క పూర్తిగా కిందికి వేలాడుతోంది. ఆవిడ బ్లేడు తీసి ఆ వేలాడే రెక్కను రుద్దింది. మళ్ళీ తగిలించింది. మళ్ళీ తీసింది. అన్నిసార్లు తగిలించడం నేనెప్పుడూ చూడలేదు. కాసేపటికి ఒక రెక్క అంచు కాగితమంత పల్చబడింది. అలాంటిదాన్ని మిషన్‌కు బిగిస్తే విరిగి ఎవరి కాలో తెగుతుంది. అత్తగారు కళ్ళద్దాలు తీసింది, చేతి తొడుగులు విప్పి బల్లమీద పెట్టింది, లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దునకి మూతి బాగైంది. కాఫీ తాగుతూ, నా వైపు చూడకుండా, "ఇకనించి బల్ల నువ్వే చూసుకో అమ్మాయ్" అంది.

"అదేంటత్తయ్యా?"

"రెండు రుద్దులకే అంత పడిపోయింది. ఎంత తీస్తున్నానో నాకే తెలీలేదు. చేతికి లెక్క పోయింది. ఎవడి కాలిమీదకో తెచ్చేదాకా ఉండకూడదు."

"ఛ, ఒక్క బ్లేడుకే అలా అనుకుంటారా?" అన్నాను. నోటితో అన్నాను. చేతులు మాత్రం అరగంటలో నా పనిముట్ల పెట్టెను కిటికీవైపుకు చేర్చేశాయి. సంతోషంగా లేదని చెబితే అబద్ధం. ఆ వెలుతుర్లో ఆకురాయి పళ్ళు కూడా ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. ఆరేళ్ళు చీకట్లో పనిచేసి కూడా ఇంత బాగా చేశానంటే, ఇక్కడ నన్ను ఆపేవాళ్ళెవరు అనుకున్నాను.

దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా? పది గంటలకల్లా నాకు ఏదోలా ఉంది. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "మధ్యాహ్నం ఏం వండమంటావు?" అని అడిగింది. ఆవిడ నన్ను అడగడం! ఏదైనా సరే అంటే "నీ ఇష్టమమ్మా" అని వెళ్ళింది. పెద్ద సానరాయి శబ్దం తేడాగా వస్తోంది, ఎందుకని అడిగితే "నువ్వే చూసుకో తల్లీ, నాకేం తెలుసు" అంది. తల్లీ! ఆరేళ్ళలో ఆవిడ నోట ఆ మాట వినలేదు. డ్యూటీకి బయల్దేరుతున్న మా ఆయన కూడా నన్ను పక్కకు పిలిచి, "అమ్మకి ఒంట్లో బాగాలేదా? బూట్లు లోపల విడిచినా ఏమీ అన్లేదు" అన్నాడు.

పాడైన బ్లేడుకు బదులు మా దగ్గరున్న కొత్తది ఇవ్వాలి. కొత్తదైనా సమంగా ఉంటుందన్న నమ్మకం లేదు, చూసుకోవాల్సిందే. పొడవు సరిపోయిందో లేదో అని పాతదాని పక్కన పెట్టి చూశాను. సరిపోయింది. కొత్తదాన్ని మేకుకు తగిలించాను. ఒక రెక్క వాలింది. పైకి లేచిన రెక్కమీద గీత పెట్టాను. కింద బల్లమీద పాత బ్లేడు ఉంది. దానిమీదా అదే గీత, అదే ఏటవాలు, నా గీత.

పైకి లేచిన రెక్కమీద.

పాతదాన్ని తీసుకుని తగిలించాను. గీత ఉన్న రెక్క గాల్లో ఉంది. అత్తగారు మొదట రుద్దింది అదే. నేను గీత పెట్టింది తేలికవైపు, ఆవిడ దాన్ని బరువువైపు అనుకుంది. తేలికగా ఉన్నదాన్నే ఇంకా రుద్దితే రెండోది అంత కిందికి పడిపోదా మరి?

ఇది మా నాన్న దగ్గర వచ్చిన అలవాటు. ఫ్యాను వణికితే ఎవరూ రెక్క కొయ్యరు. తేలికగా ఉన్న రెక్క చూసి, గీత పెట్టి, అక్కడ చిన్న రేకుముక్క అంటిస్తారు. చిన్నప్పటినుంచి నా చేతికి తేలికవైపే గీత. ఇక్కడికొచ్చాకా అలాగే గీస్తున్నాను, గీత లేనివైపు రుద్దుతున్నాను. ఎవరి బ్లేడు వాళ్ళది కాబట్టి ఆరేళ్ళలో ఒక్కసారి కూడా తేడా రాలేదు.

ఆవిడ చెయ్యి లెక్క తప్పలేదు. రెండు రుద్దులూ సరిగ్గానే రుద్దింది. తప్పంతా నా సుద్దముక్కది.

అది సుద్ద. బొటనవేలితో ఒక్కసారి రాస్తే పోతుంది. పోతే ఈ సంగతి ప్రపంచంలో నాకు తప్ప ఎవరికీ తెలీదు. కిటికీ నాది, మైదానాలు నావి. ఎవర్నీ మోసం చెయ్యలేదు, ఎవర్నీ పొమ్మనలేదు, ఆవిడంతట ఆవిడే ఇచ్చింది. బొటనవేలు బ్లేడు దాకా వెళ్ళింది కూడా. ఈ మాట దాచుకుంటే కథ నాకు బాగుంటుంది కానీ, వెళ్ళింది.

లోపల అత్తగారు కుర్చీలో కూర్చుని మా ఆయన యూనిఫారానికి గుండీ కుడుతోంది. సూది ఒకసారి గుచ్చుతుంది, చెయ్యి కళ్ళ ముందుకు తెచ్చుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంది, మళ్ళీ గుచ్చుతుంది. అది చూశాక ఇక నావల్ల కాలేదు. బ్లేడు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఈ గీత నాది" అన్నాను. "తేలికవైపు పెట్టాను. మీరు బరువువైపనుకున్నారు. మీ చేతికేం కాలేదు."

ఆవిడ గీతవైపు చూసింది. నావైపు చూసింది.

"హడావుడిలో నేనే పెట్టి వెళ్ళాననుకున్నానే. తేలికవైపు ఎవరైనా గీత పెడతారా?"

"మా ఇంట్లో పెడతారు. ఫ్యాన్లకి."

"ఆరేళ్ళనించీ ఇలాగే పెడుతున్నావా?"

"అవును."

"మరి నాకెప్పుడూ కనపళ్ళేదేం?"

"సమం అయ్యాక తుడిచేస్తాను కదా."

కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పింది. "నా చెయ్యి బాగానే ఉంది" అంది. నాతో కాదు. మళ్ళీ ఒకసారి అదే మాట అంది. ఇరవై ఆరేళ్ళు ఇనుముతో బతికిన మనిషి, గుండీ కుట్టే సూది పట్టుకుని, రాత్రంతా తనని తను అనుమానించుకుంది. నామీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత మొదలైంది. "బుద్ధుందా నీకు? ఫ్యాన్‌కి పెడతారు కాబట్టి పెట్టేచోట గీత. మనం ఇక్కడ ఏం పెడతాం? తీస్తాం! తీసేచోట గీత పెట్టాలన్న ఇంగితం ఉండక్కర్లా? అయినా నా బ్లేడు నిన్నెవరు ముట్టుకోమన్నారు? రెండు బ్లేడ్లిస్తే నెత్తికెక్కిందా? పెట్టె తీసుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టేశావుగా, చూళ్ళేదనుకున్నావా? కాఫీ కప్పు ఆరకముందే పెట్టేశావు! ఆ సానరాయి బోల్టు వదులైంది, అందుకే ఆ చప్పుడు, చెవులున్నాయా లేవా?"

మా నాన్ననీ, ఆయన ఫ్యాన్లనీ, నా వంటనీ, నా నడకనీ వరసపెట్టి దులిపింది. మామూలుగా అయితే మాటకు మాట అప్పజెప్పేదాన్ని. ఆ రోజు నిలబడి మొత్తం విన్నాను. కడుపు నిండిపోయింది.

తిడుతూనే ముందుగదిలోకి నడిచింది. నేను నా పెట్టె తీసి గుమ్మంవైపు పెట్టుకున్నాను. పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది. చోటు పోయినందుకా, ఆవిడ తిరిగొచ్చినందుకా అంటే, రెండింటికీ. ఆవిడ బోల్టు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని, కొత్త బ్లేడుమీద నా గీతను తుడిచి, రెండో రెక్కమీద తన గీత పెట్టింది. రెండు రుద్దులు. తగిలించింది. బ్లేడు అడ్డంగా నిలబడింది. ఆవిడ ఊదింది, అయినా కదల్లేదు.

రెండింటికి మైదానం మేస్త్రి వచ్చాడు. ఒక బ్లేడు మావల్లే పాడైంది, బదులు కొత్తది వేశామని అత్తగారు ముందే చెప్పేసింది. ఎవరివల్ల అని అతను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మూడింటినీ పక్కపక్కన పేర్చి, తిరగేసి, అంచులమీద వేలు పోనిచ్చి చూసి మరీ కాగితంలో చుట్టి ఇచ్చింది.

నాలుగింటికి ఫోన్ చేశాడు. మైదానంలో మిషన్ తిరుగుతున్న చప్పుడు వెనక వినబడుతోంది. అత్తగారు స్పీకర్ పెట్టింది.

"పెద్దమ్మా, చేతుల్లో మిషనుందో లేదో తెలీట్లేదు. ఇంత మెత్తగా ఎప్పుడూ లేదు."

"వాటిలో రెండు మా కోడలు చేసింది" అంది ఆవిడ. "ఒకటి నాది. ఏది ఎవరిదో చెప్పు చూద్దాం."

"నాకేం తెలుస్తుంది పెద్దమ్మా?"

"నువ్వు పాతికేళ్ళుగా చూస్తున్నావుగా నా పని."

"చూస్తున్నా. అయినా తెలీట్లేదు."

అత్తగారు ఫోన్ పెట్టేసి కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. "ఇందాక చుట్టేముందు నేనూ చూశాను" అంది, అద్దాలమీంచి తల ఎత్తకుండా. "వాటిలో కొత్తది ఒకటుంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే నాకూ తెలిసేది కాదు."

ఇంటా బయటా నోరున్న మనిషినని నాకు పేరు. ఆ సాయంత్రం మాత్రం సుద్దముక్కతోనే బదులు చెప్పాను, తర్వాతి బ్లేడు మేకుకు తగిలించి బరువువైపు గీత పెట్టాను.