అమ్మోరి ఊట

తెలుగు కూలీలు ఓడలెక్కి వలసపోయిన దీవిలో, సాంత్ర్ ద ఫ్లాక్ ఊరి దగ్గర ఒక ఎస్టేటు చెరుకు కాలువకు వీరయ్య కాపలాదారు. చివరి మడి దాకా నీళ్ళు చుక్క పోకుండా చేర్చడం అతని పని. గట్టున ఎలక బొరియ కనబడితే చాలు, ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చినట్టు కంగారు పడిపోయేవాడు. బంకమన్ను మెత్తి, చెరుకాకు కుక్కి, కాలితో తొక్కితే గానీ కదిలేవాడు కాడు. అంతటి మనిషి ఒక్క కంతను మాత్రం పన్నెండేళ్ళుగా పూడ్చలేదు. పూడ్చడం మాట అటుంచండి, గునపంతో పొడిచిందే అతను.

అక్క కన్నమ్మ మొగుడు పోయిన ఏడాది అది. ముగ్గురు పిల్లలతో ఆమెకు మిగిలింది గట్టు కింద రాళ్ళ నేల. వీరయ్య పొడిచిన కంత నీళ్ళు రాళ్ళ సందున జారి ఆ నేలలో ఊటగా తేలాయి. సంగతి ఎస్టేటు చెవిన పడితే కొంప మునుగుతుందని, "అమ్మోరు కరుణించింది అక్కా" అన్నాడు. ఆమె నమ్మింది. ఊట పక్క రాయికి పసుపు రాసి, ఆ తడిలో క్రెసాన్ ఆకుకూర పెంచి, బజారులో అమ్మి పిల్లల్ని సాకింది.

దీవికి స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ళ ముందు, కాలువ నీళ్ళు సగం దారిలోనే ఇంకిపోతున్నాయని ఎస్టేటు వాళ్ళు పొడుగునా సిమెంటు వేయించారు. "ఈ ఒక్క బారెడూ వదిలేయండి ముస్యే" అని మేస్త్రీ మార్సెల్‌ను బతిమాలాడు వీరయ్య.

"కారనిచ్చేదానికి సిమెంటెందుకోయ్?" అని నవ్వాడు మార్సెల్.

కారణం చెప్పే ధైర్యం లేక, వీరయ్య తన చేత్తోనే ఆ బారెడూ తాపీతో నునుపు చేశాడు.

ఇరవై రోజుల్లో ఊట ఎండింది. క్రెసాన్ వాడి నేలకంటుకుపోయింది. సిమెంటు వల్లేనేమో అని పిల్లలంటే కన్నమ్మ చెవిన పెట్టలేదు. ముందు ఒంటిపూట తిన్నది, తర్వాత అదీ మానేసింది. చూడబోయిన తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"తప్పు నాదే తమ్ముడూ. మీ బావ ఆరు నెలలు మంచాన ఉన్నాడు కదా. ఓ రోజు విసుగొచ్చి, తొందరగా పోతే బాగుణ్ణు అనుకున్నా. ఆ సాయంత్రమే పోయాడు. ఇన్నాళ్ళకు అమ్మోరికి తెలిసిపోయింది. నీళ్ళు తీసేసుకుంది."

వీరయ్య కింద కూలబడి గునపం సంగతీ, కంత సంగతీ అంతా కక్కేశాడు. "అమ్మోరు కాదక్కా, నేను! అవి కనాల్ నీళ్ళు! మూసిందీ నేనే! నీ తప్పేం లేదు!"

కన్నమ్మ చివరిదాకా విని, అతని తల నిమిరింది.

"చిన్నప్పట్నుంచీ నువ్వు మాంతేర్‌వే. నేనేడిస్తే చూడలేక ఎంత అబద్ధమైనా ఆడతావు. ఆ కనాల్ నీ ప్రాణం. దానికి నువ్వు కంత పెడతావా?" అంది. తర్వాత మూలనున్న కొబ్బరికాయ చూపించింది. "పోతూ పోతూ ఊట కాడ అది కొట్టి పో. నా చేత్తో కొడితే తీసుకోదు."

వీరయ్య కొబ్బరికాయతో ఎండిన నేల దాకా వెళ్ళాడు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు గానీ, కొట్టడానికి చేతులు రాలేదు.