కాన్వాయ్ డ్యూటీ

పాలమడుగు ఆసుపత్రికి ఇద్దరు డాక్టర్లు ఉండాలని ప్రభుత్వమే తీర్మానించింది. ఒక కుర్చీలో మాత్రం కట్టడం లేచిన నాటి నుంచీ ఎవరూ కూర్చోలేదు. రెండో కుర్చీ వకుళది. తిరుపతిలో పుట్టి, అక్కడే వైద్యం చదివి, ఏర్పేడు అవతల ఉన్న ఈ ఊరికి ఇష్టపడే వచ్చింది. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆమె ఒక్కతే డాక్టరు, ఆసుపత్రి జీపు ఒక్కటే అంబులెన్సు.

ఆ రెండింటినీ జిల్లా ఆఫీసు మాటిమాటికీ ఎత్తుకుపోయేది. తిరుమల దర్శనానికి ఏ పెద్దమనిషి రేణిగుంటలో విమానం దిగినా ఆయన కార్ల వెనక ఒక అంబులెన్సు, అందులో ఒక డాక్టరు ఉండాలి. తిరుపతిలో డాక్టర్లు ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతున్నా, ఆ పనికి పిలుపు పల్లెకే వచ్చేది. వచ్చినవాళ్ళలో ఎవరికీ ఎన్నడూ తుమ్మైనా రాలేదు. వకుళ ఎండలో నిలబడి తిరిగొచ్చేసరికి ఆమె కోసం వచ్చిన రోగులు వసారాలో చూసి చూసి వెళ్ళిపోయి ఉండేవారు. అలాంటి ఒక రోజున, పాము కరిచిన రైతు ఒకతను ఆ వసారాలోనే ప్రాణం విడిచాడు. అప్పటి నుంచి ఆఫీసు నుంచి ఫోను వస్తే చాలు, వకుళకు ఒళ్ళు మండేది.

రెండువేల మూడు ఎండాకాలంలో ఒక పొద్దున, చెంగమ్మ అనే ఆమె నొప్పులు పడుతున్న తన కోడలు మహితను ట్రాక్టరులో తీసుకొచ్చింది. తొలి కాన్పు. వకుళ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. బిడ్డ అడ్డం తిరిగి లేదు గాని, తల పైకీ పిర్రలు కిందికీ ఉన్నాయి. అవసరమైతే ఆపరేషను చేసే చోటికి చేర్చాలి. డ్రైవరు మునిరామయ్యను జీపు తియ్యమని చెబుతుండగానే ఫోను మోగింది.

అవతల జిల్లా అధికారి సంపత్‌కుమార్. "డాక్టరుగారూ, ఢిల్లీ నుంచి పెద్దాయన వస్తున్నారు. జీపుతో సహా వెంటనే రేణిగుంటకు రండి."

"కాన్పు కేసుంది సార్. ఎదురు బిడ్డ. జీపులో తిరుపతికి తీసుకుపోతున్నాను."

"ఆమెను వేరే బండిలో పంపించండి."

"వేరే బండి లేదు సార్. వేరే డాక్టరూ లేరు. రెండేళ్ళుగా అడుగుతున్నాను."

"ఇప్పుడు ఆ సంగతులెందుకు? రాకపోతే మెమో ఇవ్వాల్సి వస్తుంది."

వకుళ ఫోను పెట్టేసింది. తిరుపతి పోవాలన్నా రేణిగుంట మీదుగానే పోవాలి. మహితను జీపులో పడుకోబెట్టించి, చెంగమ్మను తల దగ్గర కూర్చోమని, తను కాళ్ళ వైపు కూర్చుంది.

రేణిగుంట దగ్గర పోలీసులు దారి మూసేశారు. బస్సులు, లారీలు, ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కాన్వాయ్ జీపని గుర్తుపట్టి దీన్నొక్కదాన్నే, అదీ విమానాశ్రయం వైపుకే వదిలారు. విమానాశ్రయం గేటు దగ్గర సంపత్‌కుమార్ ఎదురొచ్చి తలుపు తీశాడు. లోపల మూలుగుతున్న మనిషిని చూసి ఆయన ముఖం మాడిపోయింది.

"ఏమిటిది? దించండి ఆమెను. విమానం దిగుతోంది."

"ఎక్కడ దించమంటారు సార్? రోడ్డు మీదనా?"

"ఆటోలో పంపించండి."

"ఆటోలన్నీ మీరే ఆపించారు. దారి ఇప్పించండి, తిరుపతికి పోతాను."

"దారి ఇప్పుడు కుదరదు."

అప్పటికే మహిత పళ్ళు బిగించి ముక్కుతోంది. ఇక తిరుపతి దాకా ఆగే పని లేదని వకుళకు అర్థమైంది. ఆమె అధికారి ముఖాన తలుపు లాగేసి, లోపల గడియ పెట్టింది. బయట ఆయన కొడుతూనే ఉన్నాడు. మునిరామయ్య ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"నా మాట వినండి మహితా, నేను చెప్పినప్పుడే ముక్కాలి," అంది వకుళ.

పిర్రలు వచ్చాయి, కాళ్ళు వచ్చాయి, చేతులు వచ్చాయి. తల ఆగిపోయింది. బయట సైరన్లు మొదలయ్యాయి. కార్లు ఒకటి వెనక ఒకటి వెళ్ళిపోతున్న చప్పుడులో వకుళ బిడ్డను ముంజేతి మీద వాల్చుకుని, నోట్లో వేలు పెట్టి, గడ్డం వంచి, తలను మెల్లగా తెచ్చింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. ముక్కూ నోరూ తుడిచి, వీపు రుద్ది, నోటితో ఊపిరి ఊదింది. చాలాసేపటికి ఆ పిల్ల పిల్లికూనలా మూలిగి, తర్వాత గట్టిగా ఏడ్చింది. చెంగమ్మ కోడలి నుదురు పట్టుకుని తనూ ఏడ్చింది.

అంబులెన్సు లేకుండానే పెద్దాయన కొండెక్కి, దర్శనం చేసుకుని, క్షేమంగా దిగిపోయాడు.

వారం తిరక్కుండా వకుళకు ఉత్తర్వు వచ్చింది. విధుల్లో నిర్లక్ష్యం. శిక్షగా తిరుపతి పెద్దాసుపత్రికి బదిలీ. అక్కడి స్నేహితులు నవ్వుతూ ఎదురొచ్చారు. ఆ బదిలీ కోసం మంత్రుల కాళ్ళు పట్టుకున్నవాళ్ళున్నారు, నీకు ఊరికే దొరికిందన్నారు. వకుళకు నవ్వు రాలేదు. పాలమడుగులో ఇప్పుడు రెండు కుర్చీలూ ఖాళీ.

చెంగమ్మ ఊరి ఆడవాళ్ళను వెంటబెట్టుకుని జిల్లా ఆఫీసుకు వచ్చింది. వకుళను కూడా రమ్మని కబురు చేసింది. సంపత్‌కుమార్ వాళ్ళను చూసి, ఫిర్యాదుకు వచ్చారనుకున్నాడు.

"ఆ డాక్టరు మీద చర్య తీసుకున్నామమ్మా. అయినా తల్లీబిడ్డా బాగానే ఉన్నారు కదా, ఇంకేం?"

"బతికింది ఆయమ్మ చేతుల్లో సామీ. మీ దయ యాడుండాది అందులో?" అంది చెంగమ్మ. "ఆయమ్మ తప్పు చేసిందంటివి. సరే. తప్పు ఆయమ్మదైతే శిక్ష మాకెందుకు ఏస్తివి? ఆయమ్మ తిరుపతిలో ఫ్యాను కింద ఉండాది. సచ్చేది మేము."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొత్త డాక్టర్ని వేస్తాం. పల్లెలకు ఎవరూ రావడం లేదు, మేం మాత్రం ఏం చేస్తాం?"

ఆ మాటకు వెనక నిలబడ్డ వకుళ ముందుకొచ్చింది. "వచ్చినదాన్ని నేనున్నాను కదా సార్. నన్నే కదా మీరు తీసేసింది. పల్లెకు ఎవరూ రారని ఇంకెక్కడా చెప్పకండి. నన్ను వెనక్కి పంపండి. ఇకమీదట కాన్వాయ్‌కి మాత్రం రాను."

"ప్రభుత్వం మీ షరతుల మీద నడవదు డాక్టరుగారూ."

"పెండ్లిలో మేళగాళ్ళు కూడా ఇట్లా బెట్టు సెయ్యరు," అంది చెంగమ్మ. ఆడవాళ్ళందరూ వెళ్ళి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. అధికారులు వాళ్ళను దాటుకుంటూ, చీరకొంగులు తొక్కకుండా, కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ తిరిగారు. మరుసటి రోజూ కూర్చున్నారు. పత్రికలవాళ్ళు కెమెరాలతో రావడం మొదలయ్యాక బదిలీ రద్దయింది.

వకుళ పాలమడుగుకు తిరిగొచ్చింది. రెండో డాక్టరు రాలేదు. జీపును మాత్రం, కాన్వాయ్ పనికి శాశ్వతంగా కావాలని, తిరుపతిలోనే ఉంచేసుకున్నారు. మునిరామయ్యను కూడా దాంతోనే పంపించమన్నారు.

టీకా వేయించడానికి మనవరాలిని ఎత్తుకొచ్చిన చెంగమ్మ, ఖాళీగా ఉన్న షెడ్డు చూసింది.

"మనిషినిచ్చి బండి లాక్కున్నారా?"

"అవునమ్మా."

"రేపు ఇంకో కాన్పొస్తే?"

వకుళ బిడ్డకు సూది వేసి, దూదితో అద్దింది. "మెట్లెక్కడున్నాయో మీకు తెలుసు కదా," అంది. "ఈసారి నేనూ మీతోనే కూర్చుంటాను."