తడి ఆరకముందే

క్లాతెన్ ఊళ్లో సాయంత్రమయ్యేసరికి ఎదురుపడ్డవాళ్లు ఒకరినొకరు అడిగే మొదటి మాట, స్నానమైందా అని. గుమ్మంలో కూర్చున్న ముసలాయన అడుగుతాడు, వీధి చివర టోఫు వేయించే ఆవిడ అడుగుతుంది, పని ఉన్నవాడూ అడుగుతాడు, లేనివాడూ అడుగుతాడు. అయిందంటే మంచి ఇంటి పిల్ల. కాలేదంటే ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదేమోనని అమ్మకి కబురు వెళుతుంది. అలాంటి ఊళ్లో పుట్టి కూడా వెనింగ్ చర్మం నీళ్లతోనే పేచీ పెట్టుకుంది.

మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక, మెడ చుట్టూ చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా. వెనింగ్ అంటే వాళ్ల భాషలో తేటదనం. ఆ పేరు పెట్టిన తాతగారికి ముందుచూపు బొత్తిగా లేదని ఆమె అంటూ ఉంటుంది. నీళ్లు తగిలితే ఒక బాధ, తగలకపోతే చెమటతో ఇంకో బాధ. సబ్బు సంగతి ఇక చెప్పక్కర్లేదు.

రాయని క్రీము లేదు. మల్లెల వాసన వచ్చే లోషన్ రాస్తే ఒళ్లు భగ్గుమంది. చల్లగా హాయిగా ఉంటుందని కొన్న జెల్ కాసేపటికే ఎండిపోయి, చర్మాన్ని పట్టి బిగించింది. పెద్దమ్మ రంతి పూనుకుని కొబ్బరినూనె పట్టిస్తే పక్కబట్టలు పాడయ్యాయి తప్ప దురద ఎక్కడికీ పోలేదు. సీసా మీద నవ్వుతున్న అమ్మాయి బొమ్మ ఉందంటే అది తన పాలిట శత్రువేనని వెనింగ్ తేల్చుకుంది. చివరికి చర్మాల డాక్టరమ్మ ఒక ఆయింట్‌మెంట్ రాసిచ్చింది. బొమ్మా లేదు, వాసనా లేదు, మందంగా తెల్లగా జిడ్డుగా, చూస్తే వంటింట్లో పేరిన కొవ్వేమో అనిపించే డబ్బా. దాంతోపాటు స్నానం ఎలా చెయ్యాలో కూడా చెప్పింది. గోరువెచ్చని నీళ్లు, త్వరగా ముగించడం, రుద్దడం అన్న మాటే వద్దు, తువ్వాలుతో అద్దుకోవడం, తడి ఆరకముందే ఆయింట్‌మెంట్ దట్టంగా పట్టించడం. ఆ చివరి ముక్క ఇంట్లో అందరికీ నోటికొచ్చేసింది. వెనింగ్ స్నానాలగదిలో చెంబు పెట్టిన చప్పుడు వినిపిస్తే చాలు, పెద్దమ్మ ఎక్కడున్నా అక్కణ్ణించే కేకేసేది, తడి ఆరకముందే అని.

అలా ఒంటితో ఒక రాజీకి వచ్చి వెనింగ్ సుఖంగా ఉన్న రోజుల్లో సెనోతో పెళ్లి కుదిరింది. సెనో బడిలో లెక్కలు చెబుతాడు. మంచివాడు, నెమ్మదస్తుడు, వెనింగ్ మోచేతులు చూసి కూడా కళ్లు తిప్పుకోనివాడు. చిక్కల్లా అతని తల్లి కస్మిరాతోనే వచ్చింది. పక్క ఊరు దెలంగు బజారులో నలుగుపిండి అంటే కస్మిరాదే. నానబెట్టిన బియ్యం, పసుపు, గంధం, ఇంకా ఆవిడ ఎవరికీ చెప్పని పూలేవో కలిపి స్వయంగా నూరుతుంది. ఆ నలుగు పెట్టుకోకుండా ఆ చుట్టుపక్కల ఒక్క పెళ్లికూతురూ పీట ఎక్కలేదు. మరి సొంత కోడలికి పంపకుండా ఉంటుందా? నిశ్చయమైన దగ్గర్నుంచి వారం వారం డబ్బా వస్తూనే ఉంది.

వెనింగ్ ఒకసారి రాసుకుంది. ప్రేమ కొద్దీ, భయం కొద్దీ, ఏమో ఈసారి పడుతుందేమో అన్న ఆశ కొద్దీ రాసుకుంది. తెల్లారేసరికి చేతులు ఉడికించిన రొయ్యల్లా అయ్యాయి. ఆ తర్వాత వచ్చిన డబ్బాలన్నీ మూత తియ్యకుండానే బీరువాలో చీరల వెనక్కి చేరాయి. అమ్మకి నువ్వు చెప్పు అని సెనోని బతిమాలితే, ఈ వారం తప్పకుండా చెబుతానన్నాడు. ప్రతి వారమూ అదే మాట అన్నాడు. లెక్కల మాస్టారికి వారాలు లెక్కపెట్టడం మాత్రం రాలేదు.

అసలు భయం అది కూడా కాదు. అక్కడ పెద్దవాళ్లు కనిపిస్తే వంగి వాళ్ల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుంటారు. వెనింగ్ ఎప్పుడు వంగినా కస్మిరా వేళ్ల కొసలు తగిలీ తగలకముందే చెయ్యి వెనక్కి లాక్కుని పైటలో దాచేసుకునేది. మిగతా అందరితో ఎలా ఉంటుందో వెనింగ్‌కి తెలియదు. తన చేతుల మీది మచ్చలు చూసి ఈవిడకి ఏవగింపు పుట్టిందనే అనుకుంది. ఆ ఇంట్లో జీవితాంతం ఆ చెయ్యి అలా వెనక్కి పోతూనే ఉంటుందేమోనని తలుచుకున్నప్పుడల్లా ఆమెకి ఏడుపొచ్చేది.

పెళ్లి ముందు రోజు మంగళస్నానం. ఊటల నుంచి తెచ్చిన నీళ్లు రాగి గంగాళంలో పోసి గులాబీలు, మల్లెలు చల్లారు. ఆ నీళ్లలోంచే ఒక మట్టి కూజా నింపి పెళ్లికొడుకు ఇంటికి పంపాలి. ఇద్దరి స్నానమూ ఒకే నీటితో జరగాలని ఆచారం. పెద్దమ్మ రంతి తెలివిగా ఏర్పాటు చేసింది. కూజాలోకి పూలనీళ్లు. వెనింగ్ కోసం పక్కన మరో గంగాళంలో ఊటనీళ్లే, గోరువెచ్చగా కాచి. పూలు చల్లినట్టే ఉంటుంది, కానీ ఆమె ఒంటి మీద కాదు, కాళ్ల దగ్గర. నలుగు పెట్టినట్టే ఉంటుంది, కానీ గాలికి. పొద్దున్నుంచీ పెద్దమ్మ ఇల్లంతా తిరుగుతూ కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతూనే ఉంది, స్నానం అవ్వగానే పట్టించాలి, తడి ఆరకముందే, మర్చిపోతే చంపేస్తానని.

ఇక్కడ వెనింగ్ తల్లి ఒక పని చేసింది. ఆ ప్లాస్టిక్ డబ్బా ఫోటోల్లో పడితే పరువు పోతుందనుకుని, ఆయింట్‌మెంట్ అంతా చెంచాతో తీసి, నీలం పువ్వుల పింగాణీ గిన్నెలో పెట్టి మూత వేసింది. చూడముచ్చటగా ఉందని పళ్లెంలో కూజా పక్కనే పెట్టింది. నీళ్లు తీసుకెళ్లే బాధ్యత బాబాయి దర్సోనోది. ఆయన పట్టు పంచె సర్దుకుని, మొహం గంభీరంగా పెట్టుకుని వచ్చి, పళ్లెంతో సహా పట్టుకుని కారెక్కాడు.

స్నానం చక్కగా జరిగింది. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి కొబ్బరిచిప్పతో నీళ్లు పోశారు, తాతమ్మ వణుకుతున్న చేత్తో పోస్తూ దీవించింది, తల్లి చివరి కుండ నీళ్లు పోసి, వాళ్ల ఆచారం ప్రకారం ఆ కుండ నేలకేసి కొట్టి మా పిల్ల కళ బయటపడింది అంది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. పెద్దమ్మ తువ్వాలుతో వెనింగ్ భుజాలు అద్ది, గిన్నె కోసం చెయ్యి చాపింది. గిన్నె లేదు. పళ్లెమే లేదు.

తల్లి పరుగెత్తి, తను పారేసిన ప్లాస్టిక్ డబ్బా వెతికి తెచ్చి, అంచులన్నీ గీకి గీకి చేతులకీ మెడకీ సరిపెట్టింది. చర్మం గట్టెక్కింది. కానీ గిన్నె ఎక్కడికి వెళ్లిందో అందరికీ అర్థమైపోయింది.

మధ్యాహ్నానికి బాబాయి విజయం సాధించినవాడిలా తిరిగొచ్చాడు. అక్కడ ఏం జరిగిందో ఆయన నోటే విన్నారు. కస్మిరా ముందు కూజాకి దణ్ణం పెట్టి, తర్వాత గిన్నె మూత తీసి వాసన చూసిందట. ఏ వాసనా లేదు. అందరూ చుట్టూ చేరి ఇదేమిటన్నారట. తెలియదని చెప్పడం బాబాయికి పుట్టుకతోనే అలవాటు లేదు. పొద్దున్నుంచీ చెవిలో మోగుతున్న మాట ఒకటుంది కదా, అదే చెప్పాడు. ఇది మా వైపు ఆచారం, స్నానం అవ్వగానే తడి ఆరకముందే ఒంటి నిండా పట్టించాలి, పెద్దలందరూ పట్టించాలి అని. దాంతో సెనోని పీట మీద కూర్చోబెట్టి మేనమామలు, అత్తలు, బామ్మ, వరసగా పట్టించారట. కుర్రాడు కిక్కురుమనలేదు. చొక్కా వెయ్యబోతే జారిపోయిందట. పిల్లి వచ్చి మోకాలు నాకిందట.

తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. పెద్దమ్మ గోడకి జారబడి కూర్చుని కన్నీళ్లు వచ్చేదాకా నవ్వింది. వెనింగ్‌కీ నవ్వు ఆగలేదు. ఆ గిన్నెలో ఏముందో చూడగానే సెనోకి తెలిసిపోయి ఉంటుంది. అయినా తన సంగతి బయటపడకూడదని వెన్నముద్దలా కూర్చుని అందరిచేతా రాయించుకున్నాడు. ఇన్ని వారాలు నోరు తెరవనందుకు ఉన్న కోపమంతా ఆ క్షణంలో పోయింది. కానీ బాబాయి చివరగా అన్న మాట విన్నాక నవ్వు ఆగిపోయింది. అందరికంటే ఎక్కువసేపు రాసింది వియ్యపురాలేనట. రాసి రాసి, తర్వాత తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుందట. నలుగు అమ్మే మనిషి. ఏది ఏమిటో పోల్చుకోలేనంత అమాయకురాలు కాదు.

ఆ సాయంత్రం మగపెళ్లివారు వచ్చారు. సెనోని అరుగు మీద కూర్చోబెట్టి, ఆచారం ప్రకారం ఒక గ్లాసు మంచినీళ్లు ఇచ్చి ఊరుకున్నారు. గదిలోకి ఆడవాళ్లకే ప్రవేశం. నగలేమీ లేకుండా, పొడుగు చేతుల రవికతో వెనింగ్ మంచం అంచున కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చి చూసి మురిసి వెళ్లారు. చివరికి కస్మిరా వచ్చి తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా కూర్చుంది.

"అమ్మాయీ, మీ ఆచారం ఇంకా కాస్త మిగిలిందా?"

ఈవిడ ఎగతాళి చేస్తోందా, నిలదీస్తోందా వెనింగ్‌కి తెలియలేదు. ఇక దాచి లాభం లేదనుకుంది.

"అది ఆచారం కాదత్తయ్యా. మందు. నా ఒంటికి." అని రవిక చేతులు పైకి లాగి మోచేతులు చూపించింది. లేచి బీరువా తెరిచి చీరలు పక్కకి జరిపింది. మూత తియ్యని నలుగు డబ్బాలు వరసగా కనిపించాయి. "మీరు ఎంతో ప్రేమగా పంపారు. నాకు పడలేదు. చెబితే మీరు బాధపడతారని చెప్పలేకపోయాను."

కస్మిరా డబ్బాల వైపు చూసింది. ఆవిడ కోప్పడుతుందనుకుంది వెనింగ్. అప్పుడు కస్మిరా పైటలోంచి రెండు చేతులూ బయటకి తీసి, దీపం వెలుతురులో వెనింగ్ ముందు పెట్టింది.

వేళ్ల కణుపుల దగ్గర చర్మం చీలికలు చీలికలుగా ఉంది. అరచేతులు ఎర్రగా, గరుకుగా, అక్కడక్కడా పసుపు ఇంకిపోయి ఉన్నాయి. ఆ ఎరుపు వెనింగ్‌కి కొత్త కాదు. ఆ చీలికలో సబ్బునీళ్లు పడితే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒళ్లు నిగనిగలాడిస్తానని ఊరంతా పిండి అమ్ముతాను. నా చేతులు చూస్తే ఎవడు కొంటాడు? నువ్వు దణ్ణానికి వంగినప్పుడల్లా లాగేసుకునేదాన్ని. కొత్త పిల్ల నుదురు, గీరుకుపోతుందని." కస్మిరా గొంతు తగ్గించింది. "ఆ పిండే చేతుల్ని తినేస్తోందని డాక్టరు చెప్పాడు. నేను డాక్టర్ని మార్చేశాను. ఇవాళ మావాడికి రాశాక, ఎన్నేళ్లకో పిడికిలి మంట లేకుండా మూసుకుంది తల్లీ."

వెనింగ్‌కి ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ తన చేతులు చూసి ఆవిడ వెనక్కి తగ్గుతోందనుకుంది. ఆవిడేమో తన చేతులు ఈ పిల్ల చూస్తుందేమోనని తగ్గుతోంది. ఇద్దరూ ఒకే దురదని చెరోవైపు దాచుకుని కూర్చున్నారు.

ఆమె లేచి తలుపు తీసి అమ్మని పిలిచి గోరువెచ్చని నీళ్లు తెప్పించింది. కస్మిరా చేతులు బేసిన్‌లో ముంచి, సబ్బు లేకుండా కడిగి, మెత్తటి బట్టతో అద్దింది. ఆవిడ రుద్దుకోబోతే వారించింది. ఆ మధ్యాహ్నమే మందుల షాపు నుంచి తెప్పించుకున్న చిన్న ట్యూబు పిండి, తడి ఆరకముందే కణుపు కణుపుకీ దట్టంగా పట్టించింది. వాసన లేని మందు మీద కస్మిరాకి ఇంకా అనుమానమే, ఇందులో కాస్త గంధం కలిపితే ఏమవుతుందని అడిగింది. ఆ గంధమే మన కొంప ముంచిందత్తయ్యా అంది వెనింగ్. కస్మిరా మూతి ముడుచుకుంది కానీ చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు. నలుగు మానే ప్రసక్తి లేదనీ, పడేవాళ్లకి అది బంగారమనీ, ఇక మీద తొడుగులు వేసుకుని నూరతాననీ గంభీరంగా ప్రకటించి, ఆ ట్యూబు కొంగున ముడేసుకుంది. బీరువాలోని డబ్బాలు లెక్కచూసుకుని పెద్దమ్మ రంతికి బహుమతిగా ఇచ్చేసింది. ఆవిడ చర్మానికి ఏదైనా పడుతుంది.

మర్నాడు పెళ్లిలో అందరి కళ్లూ పెళ్లికొడుకు మీదే. ఇంత నిగారింపు ఏ నలుగుతో వచ్చిందని బజారు ఆడవాళ్లు కస్మిరాని చుట్టుముట్టారు. మా కోడలి పుట్టింటివాళ్ల ఆచారం, బయటివాళ్లకి చెప్పరు అందావిడ. బాబాయి దర్సోనో పక్కనే నిలబడి తలాడించాడు.

తర్వాత దంపతులు పెద్దల ముందు మోకాళ్ల మీద కూర్చుని దీవెనలు తీసుకునే ఘట్టం వచ్చింది. ఆ సమయంలో ఏడవని మనిషి ఉండడు కాబట్టి అందరూ రుమాళ్లు సిద్ధంగా పెట్టుకున్నారు. వెనింగ్ కస్మిరా ముందు వంగింది. పైటలోంచి రెండు చేతులూ వాటంతటవే బయటికొచ్చి ఆమె అరచేతుల్లోకి వాలాయి. వెనింగ్ వాటిని నుదుటికి ఆనించుకుంది. జిడ్డుకి జారిపోతుంటే గట్టిగా పట్టుకుంది. నుదుట దిద్దిన నల్లటి పెళ్లి అలంకారం ఆ వేళ్లకి అంటుకుంటోందని, దిద్దినావిడ దూరం నుంచి తల పట్టుకుంది.

కస్మిరా ఆమె చెవి దగ్గరకి వంగింది.

"పొద్దున స్నానమవగానే, తడి ఆరకముందే రాశాను. సరిగ్గానే చేశానా?"

వెనింగ్ భుజాలు అదిరాయి, కస్మిరా భుజాలూ అదిరాయి. అత్తాకోడళ్లు ఎంత ఏడుస్తున్నారో పాపం అని వెనక వరసలో ఆడవాళ్లంతా రుమాళ్లు తీశారు.