పేరు కింద గీత

ఇంగ్లండు పల్లెటూళ్లలో హత్యలు జరిగే పద్ధతి నాకు ఇష్టం. బయట వాన. లోపల పెద్ద గదిలో చలిమంట, కుర్చీలో శవం. ఎవరూ గుండెలు బాదుకోరు. పనమ్మాయి టీ తెస్తుంది, అందరూ తాగుతారు. ఆఖరికి ఒక తెలివైనవాడు అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, చేసినవాణ్ని వేలుపెట్టి చూపిస్తాడు. గమ్హరియాలో నేను వెల్డింగు చేసే షెడ్డులో ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చేసినవాడెవడో తేలలేదు. మిషను ఎవడో పాడుచేస్తాడు, కోత నా కూలిలో పడుతుంది. అందుకే ఆ ఆఖరి అధ్యాయం కోసం వారమంతా కాచుకుని ఉంటాను.

ఆ అధ్యాయాన్నే ఎవరో నా నోటి దగ్గర్నుంచి లాగేసుకుంటున్నారు.

పర్సుడీహ్‌లో మా తెలుగు సంఘం గదిలో రెండు బీరువాలున్నాయి. ఒకదాంట్లో తెలుగులోకి దించిన ఆ హత్యల నవలలు, రెండోదాంట్లో కాలేజీ ప్రేమకథలు. ఈ మధ్య ఇంటికి తెచ్చుకున్న ప్రతి హత్య నవలలోనూ, కథ ఇంకా మొదలైందో లేదో, ఒక పేరు కింద పెన్సిలు గీత ఉంటోంది. పక్కన 'వీడే' అని ఒక్క ముక్క. మొదటిసారి పోకిరీ వేషమనుకున్నాను. ఆఖరికి వాడే హంతకుడయ్యాడు. రెండోసారీ అంతే. ఇక చదవబుద్ధి కాదు, మానబుద్ధి కాదు. పనిలో ముసుగు దించుకుంటే చీకట్లో ఆ గీతే కనిపించేది.

నవలల్లోవాళ్లు చేసే పనే నేనూ చేశాను. ఎవరెవరిని అనుమానించాలా అని చూశాను. ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్లకి కొదవలేదు. చదవగలిగినవాళ్లు మాత్రం, మంచు పడి దారులు మూసుకుపోయిన బంగళాలో ఎంతమంది మిగులుతారో అంతమందే. హిందీ బళ్లలో చదివిన కుర్రకారుకి తెలుగు అక్షరాలు రావు. తాళాలుండే సీతారామరావు గారు పుస్తకాలకి అట్టలు వేస్తారు తప్ప లోపల చూడరు. భద్రమ్మ పిన్ని భాగవతం దాటి రాదు. మిగిలింది రిటైరైన క్రేను ఆపరేటరు సన్యాసిరావు. అతని మీద పడ్డాను. తన కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయనీ, సంఘానికి వచ్చేది ఫ్యాను గాలికనీ చెప్పి, ఇంత చిన్నదానికి మనుషుల మీద పడతావేటని నన్నే కోప్పడ్డాడు.

రాతల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. రెండో బీరువాలో రాతలు నావే. నా భార్య పద్మకుమారికి హత్యలంటే జడుపు. ఆవిడ కోసం వారానికో ప్రేమకథ తీసుకెళ్తాను. ముందు నేను భోజనాల వేళ షెడ్డులో, అట్ట కనబడకుండా పేపరు చుట్టి చదువుతాను. ఏడో తరగతిలో బడి మానినవాణ్ని. కాలేజీ లోపలికి వెళ్లింది ఒక్కసారే, గేటు అతకడానికి. ఆ కథల్లోవాళ్లు మెట్ల మీదా చెట్ల కిందా కూర్చుని ఊరికే ప్రేమించుకుంటూ ఉంటే కడుపు మండి అంచుల్లో పెన్సిలుతో రాస్తాను. 'వీడికి పరీక్షల్లేవా?' 'దీని బాబు ఫీజు ఎక్కడ తెచ్చాడు?' అవి సరైన ప్రశ్నలే.

దొంగ చిక్కింది కొత్త పెట్టెతో. ఎవరో పెద్దాయన పోతే ఇంటివాళ్లు ఆయన పుస్తకాలు సంఘానికి పంపారు. నా ఎదుటే తాడు కోశారు. పైనున్న హత్య నవల నేనే తీసుకున్నాను. పేజీల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి. ఇంట్లో బ్లేడుతో నేనే కోసి, ఫ్రిజ్ మీద పెట్టి, తెల్లారి పనికి వెళ్లాను. సాయంత్రం వచ్చి తెరిచాను. డాక్టరు పేరు కింద గీత. 'వీడే.'

సంఘంలోవాళ్లెవరూ దాన్ని తాకలేదు. ఇంట్లో ఉండేది ముగ్గురం. అమ్మాయి బిందుప్రియని అడిగితే ఫోనులోంచి తల ఎత్తకుండా, "పాపా, ముఝే తెలుగు పఢ్నా ఆతా హై క్యా?" అంది. రాదు. తెలుగు చదవడం ఎవరూ నేర్పలేదు.

అప్పుడు, నా ముందు టీ గ్లాసు పెడుతున్న చెయ్యి కనిపించింది. నవలల్లో కూడా టీ తెచ్చేవాళ్ల వంక ఎవరూ చూడరు.

"నువ్వేనేటే?" అన్నాను.

"ఇన్నాళ్లు పట్టిందేటి మావా," అంది పద్మకుమారి.

"హత్యలంటే జడుపన్నావు కదే."

"నిన్ను సేసుకున్నాక ఇంక జడుపేటి?"

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ చేతిరాత చూడాల్సిన పని నాకు పడలేదు. టెక్కలిలో ఇంటరు సగం చదివింది. మిగతా సగాన్ని మా పెళ్లి తినేసింది. ఆ ప్రేమకథల్లో తాను ఆ సగమే చదువుకుంటున్నాననీ, ఎక్కడ పేజీ తిప్పినా నా రాత గేటు దగ్గర జవానులా నిలబడి ఉంటోందనీ చెప్పుకుపోయింది. గొంతు పెంచలేదు.

"నా కాలేజీలో నీకేటి పని?" అంది చివరికి. "అన్నీ సెరిపేసి రా. అప్పుడు నీ సావుల జోలికి నేను రాను."

సరేనని అనలేదు. పని ఉందని చెప్పి సంఘానికి వెళ్లి, రెండో బీరువా తెరిచి, రబ్బరుతో కూర్చున్నాను. చెరపాలంటే మళ్లీ చదవాలి. ఒకచోట వానలో గొడుగు పట్టుకుని, లైబ్రరీ మెట్ల దగ్గర కథలో పిల్ల కోసం ఒక కుర్రాడు ఎదురుచూస్తున్నాడు. పక్కన నేను 'వీడికి డ్యూటీ లేదా?' అని రాశాను. దాని కింద సన్నటి అక్షరాలు: 'ఉంది. సెలవు పెట్టాడు.'

నాది చెరిపాను. దాన్ని ఉండనిచ్చాను.

ఇంటికి నడుస్తుంటే డాక్టరే బుర్రలో తిరిగాడు. ఆ గీత చెరిపేసినా, తెలిసిపోయింది తెలియకుండా పోతుందా? వెళ్లగానే ఫ్రిజ్ మీది పుస్తకం తీశాను. డాక్టరు పేరు కింద గీత అలాగే ఉంది. తర్వాతి పేజీలో మేనల్లుడి పేరు కింద కొత్తగా ఇంకోటి, 'వీడే'. పాదిరి, 'వీడే'. పక్కింటి ముసలావిడ, 'ఈవిడే'. తోటమాలి, లాయరు, ఎవరినీ వదల్లేదు. చచ్చిపోయినాయన పేరు కింద కూడా పెట్టింది.

"ఏటే, ఇందులో నిజమేది?" అని వంటింట్లోకి కేకేశాను.

"సదువుకో మావా."

కూర్చున్నాను. లేచాను. మళ్లీ కూర్చుని మొదటి నుంచి పేర్లన్నీ వెతికాను. టీ తెచ్చే పనమ్మాయి పేరు కింద మాత్రం గీత లేదు. ఇప్పుడు నా అనుమానమంతా ఆ పిల్ల మీదే.