అచ్యుత్‌ను సాగనంపిన రోజు

కెనడాలోని విండ్సర్‌లో రైలెక్కేటప్పుడు అచ్యుత్ దగ్గర రెండు పెద్ద సూట్‌కేసులున్నాయి. మిగతా ముగ్గురి దగ్గరా పులిహోర డబ్బాలు, నీళ్ల సీసాలు తప్ప ఏమీ లేవు. అతని వర్క్ పర్మిట్ ఆ వారంతో అయిపోతోంది. సాయంత్రం టొరంటో నుంచి ఇండియాకు విమానం.

"ఎలాగూ టొరంటో వెళ్లాలి. రెండేళ్లయింది వచ్చి, ఒక్కసారైనా ఆ ఊరు సరిగ్గా చూశామా? పొద్దున్నే అందరం రైల్లో పోదాం. తిరుగుదాం. అట్నుంచి అటే నన్ను పంపించేయండి" అన్నాడు అతనే.

కెవిన్ అతని రూమ్మేట్. వర్షిణి, అబిగేల్ అదే వీధిలో ఇంకో ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటారు. నలుగురూ 2022లో ఒకే కాలేజీకి వచ్చిన విద్యార్థులు. ఒంగోలులో బీకామ్ చదివిన అచ్యుత్ తక్కువలో అయిపోతుందని ఏడాది కోర్సు తీసుకున్నాడు. ఆ తర్వాత వేర్‌హౌస్‌లో పని. అక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కు కావలసిన పాయింట్లు ఎంత లెక్కేసినా రాలేదు. వర్షిణి కరీంనగర్‌లో మూడేళ్లు నర్సుగా పనిచేసింది. "నర్సులకు ఛాన్సుంది, పీఆర్‌కు వెయ్యి" అని వెంటపడి ఇమిగ్రేషన్ వెబ్‌సైట్లో ఆమె ప్రొఫైల్ నింపించింది అతనే. తనకు రాదని తెలిసిన దాని గురించి అతను ఆమె కోసం గంటలు గంటలు కూర్చుని చదివేవాడు.

అచ్యుత్ అంటే వర్షిణికి ఇష్టమని అబిగేల్‌కు కూడా తెలియదు. "పీఆర్ వచ్చేదాకా ప్రేమ, పెళ్లి అన్న మాట నా దగ్గర ఎత్తొద్దు" అని అచ్యుత్ వచ్చిన కొత్తలోనే అందరికీ చెప్పేశాడు. ఆమె ఎత్తలేదు.

చాథమ్ స్టేషన్ దాటాక వర్షిణి ఫోన్‌కు మెయిల్ వచ్చింది. పీఆర్‌కు అప్లై చేయమని ఇన్విటేషన్. ఎదురు సీట్లో అచ్యుత్ వేర్‌హౌస్ సూపర్‌వైజర్‌ను అనుకరిస్తూ అందరినీ నవ్విస్తున్నాడు. ఆమె ఫోన్‌ను ఒళ్లో బోర్లా పెట్టుకుంది.

"ఎవరు, ఇంటి నుంచా?" అన్నాడు.

"ఆ, అమ్మ."

టొరంటోలో సామాన్లు దాచే చోట సూట్‌కేసులు పెట్టేసి, ఊళ్లో పేరున్న ఎత్తైన టవర్ కింద నిలబడి ఫొటోలు దిగారు. తర్వాత ఫెర్రీ ఎక్కి సరస్సు మధ్య దీవులకు వెళ్లారు. కెవిన్, అబిగేల్ సైకిళ్లు అద్దెకు తీసుకుని వెళ్లిపోయారు. అచ్యుత్, వర్షిణి నీళ్ల ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఊరంతా కనిపిస్తోంది.

"నాకు ఇన్విటేషన్ వచ్చింది, అచ్యుత్."

అతను ఒక్క కేక వేసి లేచాడు. పక్క బెంచీ వాళ్లు తిరిగి చూశారు. "ఎప్పుడు?"

"పొద్దున, రైల్ల."

"మరి అప్పుడే చెప్పవేం! మనలో ఒక్కరైనా గట్టెక్కారు." అతని కళ్లు తడిశాయి. అది నిజమైన సంతోషమేనని ఆమెకు తెలుసు. అందుకే ఇంకా కష్టమైంది.

"మనం పెళ్లి చేసుకుందాం. అప్లికేషన్‌ల నీ పేరు పెడత. నువ్వు పోయినా మళ్లీ రావచ్చు."

అచ్యుత్ నవ్వబోయి ఆగిపోయాడు. మెల్లగా కూర్చున్నాడు. "జాలి పడుతున్నావా?"

"జాలి కాదు. నువ్వంటే నాకిష్టం. వచ్చినప్పటి సంది."

"మరి నిన్న ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే కదా ఎత్తొద్దన్నది. ఉన్న టెన్షన్లకు నేనొకటి ఎందుకనుకున్న."

"నిన్న చెప్పుంటే ఎగిరి గంతేసేవాణ్ణి, వర్షిణీ. నిన్న ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. ఇవాళ నీకుంది, నాకు లేదు. ఇప్పుడు సరే అంటే నీ కోసం అన్నానో, పేపర్ల కోసం అన్నానో నాకే తెలియదు. ఎప్పుడైనా మాటా మాటా వచ్చిన రోజు నీకూ అదే అనిపిస్తుంది."

"నాకు అనిపించదు."

"నాకు అనిపిస్తుంది."

ఆమె అతని చొక్కా చేయి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు, చేయి మీద చేయి వేయనూ లేదు. అంతలో కెవిన్ వాళ్ల సైకిళ్ల గంటలు వినపడ్డాయి.

నాలుగున్నరకు యూనియన్ స్టేషన్‌లో అతను సూట్‌కేసులు తీసుకుని ఎయిర్‌పోర్టు రైలు దగ్గరికి వచ్చాడు. మిగతా ముగ్గురి రైలు అయిదున్నరకు. కెవిన్ గట్టిగా కౌగిలించుకుని ఏడ్చేశాడు. వర్షిణితో మాత్రం అచ్యుత్, "డాక్యుమెంట్లు జాగ్రత్తగా అప్‌లోడ్ చెయ్యి. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ మీద సంతకం ఉందో లేదో చూసుకో" అన్నాడు. అతను ఎక్కాక తలుపులు మూసుకున్నాయి.

తిరుగు ప్రయాణంలో వర్షిణి అబిగేల్‌కు జరిగిందంతా చెప్పింది. అబిగేల్ నమ్మలేనట్టు చూసింది. "రెండేళ్లే! రోజూ వాడితో కలిసి తిన్నావు, బస్సెక్కావు. ఒక్క మాట అనలేకపోయావా?"

వర్షిణి ఖాళీ పులిహోర డబ్బాలు సంచిలో సర్దసాగింది.

అప్లై చేయడానికి అరవై రోజుల గడువు. చివరి వారంలో వర్షిణి ఫోన్ చేసి, పెళ్లి చేసుకుందామని మళ్లీ అడిగింది. "ఏం మారిందని?" అన్నాడు అచ్యుత్. ఆమె తన ఒక్కదాని పేరుతోనే అప్లికేషన్ పంపింది.

మరుసటి ఏడాది పీఆర్ వచ్చింది. మెసేజ్ పెడితే అతనే ఫోన్ చేశాడు. ఎంతో సంతోషంగా మాట్లాడాడు. ఆఖర్న, తన పెళ్లి కుదిరిందని చెప్పాడు.

"కంగ్రాట్స్" అంది వర్షిణి.

అప్పుడామె పనిచేసే వృద్ధుల హోమ్‌లో ఉంది. బ్రేక్ అయిపోయింది. మూడో గదిలో ఇటాలియన్ ముసలావిడకు స్నానం చేయించాలి. వెళ్లి నీళ్ల వేడి చూసింది. ఆవిడ వీపు రుద్దుతుంటే వర్షిణికి ఏడుపు ఆగలేదు. ఆవిడ వెనక్కి తిరిగి, తన భాషలో ఏదో అడిగింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. వర్షిణి తెలుగులోనే మొత్తం చెప్పింది, మొదటి నుంచి.