నా పేరు మీద కనెక్షన్

పంజగుట్టలో మాది చిన్న ఇంటర్నెట్ కంపెనీ. ప్రభుత్వ విభాగాల నుంచి వచ్చే లేఖలకు జవాబు పంపడం నా పని. లేఖలో ఒక ఇంటర్నెట్ నంబరు ఉంటుంది. అది ఏ కస్టమరుదో, నెల రోజుల్లో దాని మీద ఏయే సైట్లు చూశారో జాబితా తీసి అదే రోజు పంపాలి. కస్టమరుకు చెప్పకూడదు. మూడేళ్లలో ఒక్క లేఖ కూడా ఆలస్యం చేయలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఇచ్చిన పని టైముకు చేయాలన్నదే నాకు తెలిసిన పద్ధతి.

ఆ మంగళవారం లేఖలో ఉన్న నంబరును సిస్టంలో కొట్టాను. కస్టమరు పేరు వచ్చింది: బి. మధులత.

నేనే.

కానీ ఆ కనెక్షన్ నా గదిలో లేదు. రెండేళ్ల క్రితం అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సీతాబాయి నడిపే హాస్టల్లో ఉండేదాన్ని. "మేం కనెక్షన్ అడిగితే నెల నుంచి తిప్పుతున్నరు బిడ్డా. నువ్వు కంపెనీల ఉన్నవ్ గద, నీ ఆధార్ పెట్టి జల్ది తీయరాదు" అంది ఆమె. తీశాను. తర్వాత గది మారాను. కనెక్షన్ మాత్రం అక్కడే, నా పేరుతోనే ఉండిపోయింది. నలభై మంది అమ్మాయిలు వాడుతున్నారు.

జాబితా తెరిచాను. ఇంతకుముందు ఎవరి జాబితానూ చదవలేదు. దించడం, మెయిలుకు జత చేయడం, అంతే. ఈసారి చదివాను. ఉద్యోగాల సైట్లు, కోచింగ్ పాఠాలు. ఎవరో వారం పాటు ఒకే ఆస్పత్రి సైటు చూశారు. ఎవరో విడాకుల వకీళ్ల సైటు. రైతుల భూముల గొడవల మీద రాసే వార్తల సైటును ఎవరో రోజూ పొద్దున ఆరింటికి తెరుస్తున్నారు. దాని కోసమే అడిగారా? లేఖలో కారణం లేదు. ఎవరు చూసినా, అన్నీ నా పేరు మీదే.

మేనేజరు రామ్మోహనరావు గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, ఈ కస్టమర్ నేనే."

"ఏంటమ్మా, కస్టమరుకి చెప్పకూడదని రూలు కదా. అప్పుడే చెప్పేశావా?" అని నవ్వారు. నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించారు. "ఏం చేశావు?"

"నేనేం చెయ్యలే సార్. హాస్టలోళ్లకు ఇప్పించిన."

"అయితే ఆ హాస్టలావిడ పేరు రాసి పంపెయ్. నీకెందుకీ గొడవ?"

"ఆమెను విచారణకు పిలుస్తరు గద సార్."

"పిలవనీ. జవాబు ఐదింటికల్లా వెళ్లిపోవాలి."

భోజనం వేళ మెట్రో ఎక్కి ఒక్క స్టేషను దూరంలో ఉన్న హాస్టలుకు పోయాను. సీతాబాయి గుమ్మంలో బియ్యం ఏరుతోంది.

"ఏందే మధూ, గింత ఎండల వచ్చినవ్? మొకం గట్ల పెట్టినవేంది?"

"ఊకెనే వచ్చిన అక్కా."

మెట్ల మీద ఇంకో అమ్మాయి పక్కన ఫోనుతో కూర్చున్న రవళి, నేనున్నప్పటి నుంచీ అదే హాస్టల్లో ఉంటోంది, అందుకుంది. "అక్కా, వైఫై మస్తు స్లో ఉంది. మీ కంపెనీయే గద, జర చెప్పరాదు! మమ్ముల ఎవ్వరు పట్టించుకుంటలేరు."

చెప్తాలే అన్నాను. ఆస్పత్రి సైటు చూసింది ఈమేనా, వకీళ్ల సైటు చూసింది పక్కనున్న నీలం చున్నీ అమ్మాయా అని నా కళ్లు ఒక్కో ముఖాన్నీ వెతుకుతున్నాయి. సిగ్గేసింది. సీతాబాయి చాయ్ పెడతానన్నా ఆగలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చి సీట్లో కూర్చుని ఆ లేఖను మొదటిసారి చివరిదాకా చదివాను. అడుగున ఒక గడి: అనుమతి ఉత్తర్వు నంబరు. ఖాళీగా ఉంది. ఆ నంబరు లేకుండా జాబితా ఇవ్వరాదని ఉద్యోగంలో చేరిన రోజు ఇచ్చిన నియమాల కాగితంలో ఉంది. దాని మీద నేను సంతకం కూడా పెట్టాను.

జవాబు రాశాను. "ఈ కనెక్షన్ నా పేరు మీద ఉంది. దీన్ని నలభై మంది వాడుతున్నారు. ఉత్తర్వు నంబరు పంపితేనే జాబితా ఇవ్వగలం." కింద నా పేరు, ఫోను నంబరు పెట్టాను. వేలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. నాలుగూ యాభైకి పంపేశాను.

రామ్మోహనరావు గారు కాపీ చూసుకుని నా సీటు దగ్గరికి వచ్చారు.

"నీ పేరు వచ్చేసరికి గడి కనిపించిందా అమ్మా? ఇన్నాళ్లూ ఎలా పంపావు?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

ఆయన వెళ్లాక పాత లేఖల ఫోల్డరు తెరిచాను. మూడేళ్లవి, రెండు వందల పద్నాలుగు. మొదటిదాని అడుగుకు వెళ్లాను. గడి ఖాళీ.

రెండోది తెరిచాను.